కాంపౌండరు పెదనాన్న, ముప్పై నాలుగు ముళ్ల గుమ్మళ్లు

మా పెదనాన్న చీటీ రాయకుండా ఎవరికీ ఏదీ ఇవ్వడు. ముప్పై ఒక్క ఏళ్లు ఒకే డాక్టరు దగ్గర కాంపౌండరుగా పనిచేసి, మాత్రలు పొట్లం కట్టి, పొట్లం మీద "ఉదయం ఒకటి, రాత్రి ఒకటి, భోజనం తర్వాత" అని రాసీ రాసీ ఆయన చెయ్యి అలా తిరిగిపోయింది. రిటైరయ్యాక పొట్లాలు పోయాయి గాని చీటీలు పోలేదు. నా పెళ్లికి గోడగడియారం ఇచ్చాడు. దానికి ఒక చీటీ గుచ్చి ఉంది: "రోజుకొకసారి, ఉదయం, పరగడుపున కీ ఇవ్వవలెను. బిగుసుకుపోయినచో ఆపి, కాంపౌండరును సంప్రదించవలెను." మా ఆయన ఇప్పటికీ టిఫిను చెయ్యకుండా ఆ గడియారానికి కీ ఇస్తాడు. ఎందుకని అడిగితే, "ఏమో, రాసుందిగా" అంటాడు.

పెళ్లయిన కొత్తలో పెద్దమ్మకి రాసిన ఉత్తరం కూడా ఇదే తరహాలో ఉందట. "క్షేమం. రెండు పూటలా నిన్ను తలుచుకుంటున్నాను" అని రాశాడు. "మధ్యాహ్నం ఏమైంది?" అని ఆవిడ తిరుగు టపాలో అడిగింది. "మధ్యాహ్నం క్లినిక్కులో రద్దీ" అని జవాబొచ్చింది. ఆ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియక మళ్లీ మడిచి పెట్టేశానని పెద్దమ్మ చెబుతుంది.

ఇక మొక్కల సంగతి. ఒకసారి ఎవరో పేషెంటు క్లినిక్కు బల్ల మీద చిన్న కుండీ ఒకటి మర్చిపోయి వెళ్లారు. అందులో నిమ్మకాయంత, ఒళ్లంతా పసుపుపచ్చ ముళ్లున్న గుండ్రటి మొక్క. వాళ్లు వచ్చి తీసుకెళ్లేదాకా చూద్దామని పెదనాన్న దాన్ని మందుల బీరువా పక్క కిటికీలో పెట్టాడు. వాళ్లు రాలేదు. ఇరవై రెండేళ్లయింది. నిమ్మకాయ కాస్తా పెద్ద గుమ్మడికాయంత అయింది, ఇద్దరు మనుషులు పడితే గాని లేవదు. పుస్తకాల్లో దాని పేరు బ్యారెల్ కాక్టస్. మా ఇంట్లో దాని పేరు ముళ్ల గుమ్మడి. పెదనాన్న మాత్రం దాన్ని ఒకటో బెడ్డు అంటాడు. ఆ తర్వాత పోస్టులో విత్తనాలు తెప్పించి మొలిపించినవన్నీ రెండో బెడ్డు నుంచి ముప్పై నాలుగో బెడ్డు దాకా. ఆ విత్తనాలు ఆవగింజ కంటే చిన్నవి. మొలిచి శనగగింజంత కావడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాది పొడుగునా పెదనాన్న భూతద్దం పెట్టుకుని, "బరువు పెరుగుతున్నారు" అని మాకు రిపోర్టు ఇచ్చేవాడు.

అది ఎడారి మొక్క. మా ఊళ్లో ఏడాదికి ఆరు నెలలు వాన, మిగతా ఆరు నెలలు వాన వచ్చేలా ఉంటుంది. గోడకి కొట్టిన మేకుకి కూడా బూజు పడుతుంది. అలాంటి చోట ఆ మొక్కని బతికించడం అంటే దానికి నీళ్లు పోయడం కాదు, నీళ్లు దాని దగ్గరికి రాకుండా కాపలా కాయడం. కాబట్టి కుండీలో మట్టి గుప్పెడే, మిగతాది ముతక ఇసుక, నలగ్గొట్టిన ఇటుక, బొగ్గు. పింగాణీ కుండీలు పనికిరావు, చెమ్మ పీల్చే మట్టి కుండీలే కావాలి. మట్టి ఎండిందో లేదో చూడ్డానికి అడుగుదాకా చీపురుపుల్ల గుచ్చి, తీసి, కళ్లజోడు పైకెత్తి పరీక్షిస్తాడు. పుల్లకి ఏమీ అంటకుండా వస్తేనే నీళ్లు, అదీ చిన్న గ్లాసుతో, తెల్లవారి ఎండ రాకముందు. వాడిన పుల్ల రెండో పేషెంటుకి వాడడు. ఇన్ఫెక్షనట. అందువల్ల పెద్దమ్మ చీపురు నెలకొకటి బోడి అవుతుంది.

డాబా మీద పదకొండు గొడుగులు ఉండేవి. అవన్నీ మొక్కలకి. వాన మొదలైతే పెదనాన్న పరిగెత్తుకెళ్లి పదకొండూ విప్పి, కుండీల మీద వాల్చి, తాళ్లతో కట్టి, తాను నిలువునా తడిసి కిందికి వచ్చేవాడు. "పదకొండు గొడుగులున్న మనిషి తడిసి రావడం నేను ఈయన్నే చూశాను" అని పెద్దమ్మ తువ్వాలు అందించేది. ఒకసారి పదకొండో బెడ్డుకి అడుగున కుళ్లు వచ్చింది. పెదనాన్న వంటింట్లో కూరలు తరిగే కత్తిని నీళ్లలో మరిగించి, కుళ్లిన భాగం కోసేసి, గంధకం పొడి అద్ది, రెండు వారాలు నీడన పడుకోబెట్టాడు. పేషెంటు కోలుకుంది. కత్తి మాత్రం మళ్లీ వంటింట్లోకి రాలేదు. అది ఆపరేషన్ల కత్తి అయిపోయిందని పెదనాన్న ప్రకటించాడు.

ఆ ఇల్లు పెదనాన్నది కాదు. కింది వాటాలో వాళ్లు అద్దెకుంటారు. పై వాటాలో ఇంటావిడ ఉంటారు. ఆవిడ ఆరొందల మంది పిల్లలున్న స్కూలుకి ఏళ్ల తరబడి హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు నాలుగు గదుల్లో ఒక్కరే. రోజూ ఉదయం పదింటికి గంట కొట్టినట్టు డాబా మెట్లెక్కేవారు.

"కాంపౌండరుగారూ, మెట్ల మీద ఇటుక పొడి."

"అవునండి."

"నిన్న మీ గొడుగు ఎగిరొచ్చి నా బాల్కనీలో పడింది."

"పడిందండి."

"గొడుగు మొక్కలకెందుకండీ?"

"వానండి."

ఇలా ఒక అరగంట నడిచేది. పెదనాన్న చేతులు కట్టుకుని, పాఠం అప్పజెప్పలేని పిల్లాడిలా నిలబడి వినేవాడు. ఆవిడ చివరికి "మారండి కాస్త" అని దిగిపోయేవారు. నాకు ఒళ్లు మండేది. పెదనాన్న మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు మళ్లీ చీపురుపుల్ల అందుకునేవాడు.

మొన్న వేసవి చివర్లో ఆవిడ పదింటికి బదులు తొమ్మిదింటికే ఎక్కారు. చేతిలో తడిసిన దిండు ఉంది. వానాకాలం ఇంకా రాలేదు గాని ముందుగా పడ్డ నాలుగు జల్లులకే శ్లాబులోంచి ఆవిడ పడకగదిలోకి నీళ్లు దిగాయి. తాపీమేస్త్రీ వచ్చి చూసి, డాబా అంతా ఖాళీ చేసి కొత్త పూత వెయ్యాలన్నాడు, ఆ తర్వాత ఇంత బరువు మళ్లీ పెట్టకూడదన్నాడు. వానలు పది రోజుల్లో దిగుతాయి, ఈలోపే పని కావాలి. పది రోజుల్లో ముప్పై నాలుగు మొక్కలకీ వాన తగలని, ఎండ తగిలే చోటు వెతకాలి. కింది వాటాలో మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేసుకోవాలి, కాబట్టి అక్కడ కుదరదు. చోటు దొరక్కపోతే వానాకాలం మొదటి నెలలోనే అన్నీ కుళ్లి నీరైపోతాయి. ఇరవై రెండేళ్ల ఒకటో బెడ్డుతో సహా.

పెదనాన్న ఆ రోజు అన్నం సగంలో చెయ్యి కడిగేసుకున్నాడు. నేను ఆయన్ని అలా ఎప్పుడూ చూడలేదు. నేను డ్రాయింగు టీచర్ని, వేసవి సెలవుల్లో ఉన్నాను, నాకు స్కూటరుంది. "నేను తిప్పుతాను పెదనాన్నా, అందరికీ పంచేద్దాం" అన్నాను. అలా అన్నందుకు తర్వాత పది రోజులూ నా తల ప్రాణం తోకకొచ్చింది. ముళ్ల గుమ్మడిని పాత పేపర్లలో చుట్టి, గోనెపట్టాలో కట్టి, రెండు కాళ్ల మధ్య పెట్టుకుని స్కూటరు నడిపితే గుంతలున్న రోడ్డు అంటే ఏమిటో తెలుస్తుంది.

మొదట పళ్ల డాక్టరుగారింటికి వెళ్లాం. విశాలమైన వరండా, పైన గాజు కప్పు, దక్షిణం ఎండ, చుక్క వాన పడదు. మొక్కలు చూసే మాలి కూడా ఉన్నాడు. ఆయన, భార్య, పిల్లలు, అత్తగారు కడుపులో చల్ల కదలకుండా కూర్చుని పేకాడుకుంటున్నారు. ఆరు కుండీలు తీసుకుంటామన్నారు. పెదనాన్న ఒకసారి చుట్టూ చూశాడు.

"లాభం లేదమ్మాయ్, పద."

"ఎండ చాలదా?"

"ఎండ బ్రహ్మాండంగా ఉంది. ఇక్కడ అందరూ బాగానే ఉన్నారు."

బాగుండడం కూడా తప్పేనా అనుకుంటూ స్కూటరు స్టార్టు చేశాను. అలాగే ఇంకో మూడు మంచి ఇళ్లు, పెద్ద పెద్ద బాల్కనీలున్నవి, వద్దన్నాడు. నాలుగో రోజుకి ఒక్క పేషెంటు కూడా డిశ్చార్జి కాలేదు. డాబా ఖాళీ చెయ్యమంటే సంబంధాలు చూస్తున్నాడీయన అని పెద్దమ్మ విసుక్కుంది.

ఐదో రోజు పొద్దున్నే నన్ను సైకిల్ షాపుకి తీసుకెళ్లాడు. అది మూల మీది కొట్టు, అన్నదమ్ములిద్దరిది. ఇద్దరికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. తండ్రి పోగానే కొట్టుకి మధ్యలో గోడ పెట్టుకున్నారు. అన్న తలుపు తూర్పు వీధిలోకి, తమ్ముడి తలుపు పడమటి సందులోకి. ఆరేళ్లుగా మాటల్లేవు. ఏదైనా చెప్పాలంటే పంక్చరు వేయించుకోవడానికి వచ్చినవాళ్లతో చెప్పించుకుంటారు. ఒకసారి నా సైకిలు రోజుల్లో నేనే, "గాలిపంపు తిరిగి ఇవ్వమని అడుగుతున్నారు" అని చుట్టూ తిరిగి వెళ్లి చెప్పి, "ఇవ్వనని చెప్పండి" అన్న జవాబు మోసుకొచ్చాను. పెదనాన్న ఆ ఇద్దరికీ కలిపి ఒక్క మొక్క ఇచ్చాడు. చీటీ రెండు కాపీలు.

"ఉదయపు ఎండ తూర్పు కొట్టులో. సాయంకాలపు ఎండ పడమటి కొట్టులో. మధ్యాహ్నం సరిగ్గా ఒంటిగంటకు, సాయంత్రం ఏడింటికి చేతులు మారవలెను. నేల మీద పెట్టి వెళ్లిపోరాదు. చేతి నుంచి చేతికి ఇవ్వవలెను."

"ఒకరి దగ్గరే ఉంటే ఏమవుతుందండీ?" అన్నాడు అన్న, గోడ వైపు చూడకుండా.

"ఒకవైపే పెరిగి వంకరపోతుంది" అన్నాడు పెదనాన్న.

రెండోది దర్జీకి. భార్య పోయి ఎనిమిది నెలలైంది ఆయనకి. కొట్టు తీసినప్పుడు తీస్తాడు, తియ్యనప్పుడు లేదు. మా వీధి బట్టలన్నీ ఆయన కొట్టులోనే ఇరుక్కుపోయాయి. ఆయన చీటీలో "ఉదయం ఆరున్నరకు ఎండలో పెట్టి, ఎనిమిదింటికి లోపలికి తేవలెను. ఒక్క రోజు తప్పినా కమిలిపోవును" అని ఉంది. పోస్టాఫీసు గుమాస్తా ఇంట్లో నాలుగు నెలల పసిబిడ్డ ఉంది. తల్లి కళ్ల కింద నలుపు. బిడ్డ ఒకటే ఏడుపు. ఆ ఇంటి చీటీ కొంచెం పొడుగు.

"సాయంత్రం ఆరు నుంచి ఆరున్నర వరకు మొక్క దగ్గర ఇల్లాలు ఒక్కతే కూర్చోవలెను. ఎవరూ మాట్లాడరాదు. ఆ సమయమున బిడ్డను తండ్రి ఎత్తుకుని వీధి చివరి దాకా వెళ్లవలెను. బిడ్డ ఏడుపు మొక్కకు పడదు."

"పడదాండీ?" అన్నాడు గుమాస్తా భయంగా.

"అస్సలు పడదు నాయనా. వేళ్లు కుళ్లిపోతాయి."

నాకు పిచ్చెక్కింది. ఒక మొక్కకి తూర్పూ పడమరా కావాలి, ఇంకోదానికి గంటన్నర ఎండ చాలు, మరోదానికి నిశ్శబ్దం కావాలి. అన్నీ ఒకే పొట్లంలోంచి వచ్చిన విత్తనాలు. "ఇన్ని రకాలేమిటి పెదనాన్నా?" అని అడిగితే, "మొక్క మొక్కకీ ఒక తత్వం" అన్నాడు. లెక్కల మాస్టారికిచ్చిన చీటీలో అయితే, "వారానికొకసారి పక్కింట్లో చీపురుపుల్ల అడిగి తెచ్చి మట్టిలో గుచ్చవలెను. సొంత చీపురు పనికిరాదు" అని ఉంది. ఆ మాస్టారు ఎవరి గడపా తొక్కడు, ఎవర్నీ తన గడప తొక్కనివ్వడు. చీటీ అందుకుని, చదివి, మొక్క పుచ్చుకుని, తలుపేసుకున్నాడు.

తొమ్మిదో రోజుకి ముప్పై మూడు వెళ్లిపోయాయి. డాబా మీద ఒకటో బెడ్డు ఒక్కటే మిగిలింది. దాన్ని చూస్తామని వచ్చినవాళ్లని కూడా పెదనాన్న దగ్గరికి రానివ్వలేదు. "ఇది ఎవరికిస్తావు?" అని నేను రోజూ అడుగుతూనే ఉన్నాను. "సీరియస్ కేసు, తొందరపడకూడదు" అంటాడు. మేస్త్రీ మర్నాడు పొద్దున్నే వస్తాడు. దక్షిణాన మబ్బు నల్లగా పేరుకుంది. పెదనాన్న దాని పక్కన స్టూలు వేసుకుని, కుండీని వేలితో మెల్లిగా తట్టి వింటూ కూర్చున్నాడు. డెబ్భై ఏళ్ల మనిషిని అలా ఒక్కణ్నే వదిలెయ్యబుద్ధి కాలేదు. నాకు తోచిన సాయం ఒక్కటే, దాన్ని కొన్నాళ్లు నేనే పెట్టుకోవడం. మా ఇంటికి ఎండ రాదు గాని, ఎలాగో ఒకలా చెయ్యొచ్చేమో కనుక్కుందామని నర్సరీకి వెళ్లాను.

నర్సరీ ఆయన ముతక ఇసుక జల్లిస్తున్నాడు. మా కథ విని, "ఏం జాగ్రత్తలు చెప్పారమ్మా పెద్దాయన?" అన్నాడు. పెదనాన్న ప్రతి చీటీకీ కార్బన్ కాపీ తీస్తాడు, ఆ కట్ట నా స్కూటరు డిక్కీలోనే ఉంది. తెచ్చి చేతిలో పెట్టాను. ఆయన ఒకటి చదివాడు. రెండోది చదివాడు. మూడోది చదివి జల్లెడ పక్కన పెట్టాడు.

"ఇదెవరు చెప్పారు? దీనికి వాన తగలనివ్వకూడదు, నీళ్లు ఎక్కువ పొయ్యకూడదు, ఎండ ఉండాలి. అంతే. మూడు ముక్కలు."

"చేతులు మారక్కర్లేదా?"

"నెలకోసారి కుండీ కాస్త తిప్పితే చాలు."

"ఏడుపు?"

"దానికి చెవులెక్కడివమ్మా?"

నేను అక్కణ్నుంచి నేరుగా సైకిల్ షాపుకి వెళ్లాను, ఆ చీటీ వెనక్కి తీసుకోమని చెబుదామనే వెళ్లాను. టైము ఒంటిగంటా ఐదు. అన్న కుండీని రెండు చేతులతో పట్టుకుని గోడ చివర నిలబడి ఉన్నాడు. తమ్ముడు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఐదు నిమిషాలు ఆలస్యం" అన్నాడు అన్న.

"అన్నం తింటున్నాను."

"ఏం కూర?"

"నీకు పడనిదే."

అన్న కుండీ అందిస్తూ, "ఇప్పుడు పడుతోంది" అన్నాడు. నేను స్కూటరు ఆపకుండా ముందుకు పోనిచ్చాను. దర్జీ కొట్టు తెరిచే ఉంది, మిషను చప్పుడవుతోంది. గుమ్మంలో పేరుకున్న బట్టల గుట్ట సగమైంది. సాయంత్రం ఆరు దాకా ఆగి, గుమాస్తా ఇంటి ముందు నుంచి వెళ్లాను. గుమాస్తా బిడ్డని భుజాన వేసుకుని వీధి చివర దీపస్తంభం దగ్గర గుండ్రంగా తిరుగుతున్నాడు. ఇంట్లో ఆ పిల్లతల్లి ముళ్ల గుమ్మడి పక్కన కుర్చీలో, తల గోడకి ఆన్చి, నోరు తెరుచుకుని నిద్రపోతోంది. లెక్కల మాస్టారింటి గుమ్మంలో మాత్రం కొత్త చీపురు కనిపించింది, కొనుక్కున్నాడు.

అప్పుడు తెలిసింది నాకు. ముప్పై ఒక్క ఏళ్లు మందుల కిటికీలోంచి ఊరినంతా చూసిన మనిషి, ఏ ఇంట్లో ఏం నొప్పో ఆయనకి తెలుసు. మందు ఇస్తానంటే వాళ్లు తీసుకోరని కూడా తెలుసు. ఇన్నాళ్లూ ఆయన్ని చూసి నవ్విన నవ్వులన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకే ఆయన మీద పట్టలేనంత ప్రేమ పొంగుకొచ్చింది. తిన్నగా డాబా ఎక్కాను.

"పెదనాన్నా, నర్సరీ ఆయన్ని కలిశాను."

"ఏమన్నాడు?"

"నీ చీటీలన్నీ తప్పన్నాడు. కాక్టస్‌కి అవేవీ అక్కర్లేదట."

పెదనాన్న చీపురుపుల్ల తీసి, తుడిచి, కళ్లజోడు సర్దుకున్నాడు.

"నర్సరీ వాళ్లకి మొక్కల గురించే తెలుసమ్మాయ్."

"లెక్కల మాస్టారు చీపురు కొనుక్కున్నాడు."

"కొన్నాడా?" అని నొచ్చుకుని, "డోసు చాల్లేదు" అన్నాడు. అంతకు మించి నోరు విప్పలేదు. ఇప్పటికీ విప్పలేదు. అడిగితే మొక్క తత్వం అంటాడు.

పదో రోజు మేస్త్రీ సిమెంటు బస్తాలతో వచ్చేశాడు. గాలి మొదలైంది. నేను ఒకటో బెడ్డుకి గోనెపట్టాలు చుడుతున్నాను, ఎక్కడికి తీసుకెళ్లాలో తెలియకుండానే. సరిగ్గా పదింటికి ఇంటావిడ మెట్లెక్కారు. డాబా ఊడ్చి శుభ్రంగా ఉంది. ఇటుక పొడి లేదు. గొడుగులన్నీ మడిచి, కట్ట కట్టి ఓ మూల నిలబెట్టి ఉన్నాయి. ఆవిడ ఒకసారి ఈ చివర నుంచి ఆ చివరకి నడిచారు. తప్పు ఏదీ దొరకలేదు. పిట్టగోడ మీద వేలితో రాసి చూశారు, దుమ్ము కూడా లేదు.

"బాగా ఖాళీ చేశారు" అన్నారు.

"అవునండి."

"ఇక రేపట్నుంచి నాకీ మెట్లెక్కే పని లేదు. మోకాళ్లకి హాయి."

అని దిగకుండా అక్కడే నిలబడ్డారు. ఆవిడ ముఖంలో హాయి నాకెక్కడా కనిపించలేదు. ఆరొందల మందిని అదిలించిన మనిషికి ఇన్నాళ్లూ రోజుకి అరగంట మా పెదనాన్న ఒక్కడే మిగిలాడని, ఇప్పుడు ఆ ఒక్కడూ పోతున్నాడని నాకు అప్పుడు తట్టింది. పెదనాన్నకి ఎప్పుడో తట్టినట్టుంది. గొంతు సవరించుకున్నాడు.

"ఈ పేషెంటుని మీ బాల్కనీలో పెట్టుకోవాలండీ."

"నేనా? ముప్పై మూడు వదిలాయని సంతోషిస్తుంటే ఇంకోటి నెత్తిన పెడతారా? ఊళ్లో ఇంకెవరూ దొరకలేదా?"

"ఊరంతా తిరిగానండి. దీన్ని చూసుకునేవాళ్లు కఠినంగా ఉండాలి. ముద్దు చేసి నీళ్లు పోసేవాళ్లయితే చచ్చిపోతుంది. మీ అంత కఠినమైనవాళ్లు ఎక్కడా దొరకలేదు."

ఆ మాట ఆవిడకి నచ్చింది. నచ్చిందని తెలియకుండా ఉండడానికి ముఖం ఇంకాస్త ముడిచారు. మేస్త్రీ, అతని మనిషి, నేను, ముగ్గురం గోనెపట్టాలు పట్టుకుని ఒకటో బెడ్డుని డాబా మీంచి ఆవిడ పై వాటాకి దించాం. ఆవిడ బాల్కనీ మీద రేకు కప్పుంది, ఆగ్నేయం ఎండ నేరుగా పడుతుంది. అంత మంచి చోటు కోసం మేం పది రోజులు స్కూటరు మీద తిరిగాం. అక్కడ ఒకే ఒక్క కుర్చీ ఉంది. దాన్ని కాస్త జరిపి కుండీ పెట్టాం. దించుతుండగానే మొదటి చినుకులు రేకు మీద టపటపా పడ్డాయి. పెదనాన్న జేబులోంచి చీటీ తీసి ఇచ్చాడు. అది ఎప్పుడు రాసి పెట్టుకున్నాడో, మడతల దగ్గర నలిగి ఉంది. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని పైకే చదివారు.

"ప్రతి దినము ఉదయం పది గంటలకు మొక్కను క్షుణ్ణంగా పరీక్షించి, లోపములు కనిపెట్టవలెను. వెంటనే కింది వాటాలోని కాంపౌండరును పైకి పిలిచి గట్టిగా మందలించవలెను. మెత్తగా చెప్పినచో మొక్క దెబ్బతినును. ఆదివారం సెలవు లేదు."

నేను నవ్వు ఆపుకోలేక రేకు వైపు చూశాను. ఆవిడ మాత్రం చీటీని రెండోసారి మనసులో చదువుకున్నారు.

"ఆదివారం కూడానా?"

"సీరియస్ కేసండి."

"ఎన్నాళ్లు?"

"జాగ్రత్తగా చూస్తే ఇంకో యాభై అరవై ఏళ్లు బతుకుతుందండి."

"సరే, చూద్దాం" అన్నారు ఆవిడ, చీటీ మడిచి. "కానీ పదింటికి కాదు, తొమ్మిదిన్నరకి. పదింటికి నాకు పనులుంటాయి."

మేస్త్రీ డాబా అంతా టార్పాలిన్ పరిచి, తెరిపివ్వగానే పూత వేస్తానని వెళ్లిపోయాడు. ఆ రాత్రంతా వాన పడింది. మర్నాడు నేను పెద్దమ్మ వాళ్లింట్లోనే ఉన్నాను. తొమ్మిదీ ఇరవైకే పైనుంచి పిలుపొచ్చింది.

"కాంపౌండరుగారూ. దీని మట్టి తడిగా ఉందేమోనని నా అనుమానం. ఒకసారి పైకి రండి."

ఆ మట్టికి నీళ్లు తగిలి నెలన్నరైంది. పెదనాన్న గబగబా చొక్కా గుండీలు పెట్టుకుని, తల దువ్వుకుని, మెట్లెక్కాడు. పైన మందలింపు మొదలైంది. వాన చప్పుడులో మాటలు తెలియడం లేదు గాని గొంతు ఖంగుమంటోంది. వంటింట్లో చూస్తే పెద్దమ్మ పళ్లెంలో మూడు కప్పుల టీ పెట్టుకుని, చంకన మడత కుర్చీ ఇరికించుకుని బయల్దేరుతోంది.

"నువ్వెక్కడికి పెద్దమ్మా?"

"పైకే. ఆవిడకి రోజుకో తప్పు కావాలి కదే. మీ పెదనాన్న ఒక్కడి తప్పులే ఎన్నాళ్లకి సరిపోతాయి?" అని, మెట్ల దగ్గర చెప్పులు కావాలనే అడ్డదిడ్డంగా విడిచి పైకెక్కింది.